ఎదగని పన్ను

ఆ వీధిలో పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. నిజానికి అలా పిలిచే హక్కు ఒక్క పిల్లకే ఉంది. అది ఆమె అక్క కూతురు. ఇంటా బయటా దాన్ని పిడుగు అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు బడిలో హాజరు పిలవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది.

అక్క పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. బావ సరుకు ఓడల మీద మెకానిక్కు, ఏడాదిలో ముప్పాతిక పాళ్ళు నీళ్ళ మీదే. పెళ్ళి మాట ఎత్తకుండానే ముప్పై దాటేసిన పిన్ని, అక్కావాళ్ళింట్లో మేడమీద గదిలో ఉంటూ, వీధి చివర కుట్టుషాపు నడుపుకుంటోంది. బడి వదలగానే పిడుగు తిన్నగా షాపుకి వచ్చేది. అక్క వచ్చేదాకా కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని, సగంసేపు పుస్తకం చదువుతూ సగంసేపు వచ్చిపోయేవాళ్ళతో వాదనలు పెట్టుకునేది. దీన్ని నువ్వు పెంచుతున్నావో, నిన్నది పెంచుతోందో తెలియడంలేదని అక్క చెల్లెల్ని ఆటపట్టించేది.

ఆ షాపు షట్టరు మొదట్నుంచీ మొండిది. ఒకరోజు లాగినా కదలదు, ఒకరోజు చెయ్యి వెయ్యకముందే దబ్బున దిగుతుంది. బాగుచేయించాలని పిన్ని అనుకున్నప్పుడల్లా ఏదో ఒక అర్జెంటు పని అడ్డం పడేది. ఆ సాయంత్రం కూడా కోటుకి కాజాలు కుడుతూ తల ఎత్తకుండానే, "పిడుగూ, ఆ షట్టరు సగం దించవే, ఇంకెవరైనా వస్తే ఇవాళ్టికి తెమలదు" అంది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని వేళ్ళాడింది. షట్టరు కదల్లేదు. పైకి చూస్తూ ఇంకాస్త బలంగా లాగింది. ఆపైన వినబడింది ఇనుము చప్పుడే తప్ప ఏడుపు కాదు. పిన్ని వెనక్కి తిరిగేసరికి పిడుగు గడ్డం కింద దోసిలి పట్టుకుని నిలబడి ఉంది, కుట్టడానికి పరిచిన బట్టల మీద రక్తం పడకుండా.

పై వరసలో ముందు పన్ను నిలువునా చీలి, చీలిక వేరు దాకా పోయింది. పోస్టాఫీసు పక్కసందులో పళ్ళు చూసే పెద్ద డాక్టరమ్మ మిగిలిన ముక్కని తీసేసి, నోట్లో పెట్టుకుని, కావాలంటే తీసేసే ప్లేటుకి ఒక పన్ను అతికించి ఇచ్చింది. మర్నాడే పిన్ని షట్టరు మార్పించింది. మార్పిస్తున్నంతసేపూ ఎదురుగా నిలబడి చూసింది.

పుండు మానాక చూపించడానికి అక్కకి సెలవు దొరకలేదు. పిన్నే పిల్లని తీసుకెళ్ళింది. అప్పటికే ఆమె ఫోనులో దొరికిందల్లా చదివేసింది. దవడ ఎముకలో చిన్న మర బిగించి దానిమీద పన్ను కడతారని, దాన్ని ఇంప్లాంటు అంటారని, అది సొంత పన్నులాగే ఉంటుందని. పన్ను పోయినచోట ఆలస్యం చేస్తే ఎముక కరిగిపోతుందని కూడా చదివింది. అదొక్కటే ఆమె గుండెలో ముల్లులా దిగబడింది. వెంటనే ఆ ఇంప్లాంటు పెట్టమని డాక్టరమ్మని అడిగింది.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. పిల్లకి కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. "పన్ను ఎముకలోకి మేకులా దిగ్గొట్టి ఉండదమ్మా. రెంటికీ మధ్య సన్నని నారలుంటాయి. పిల్ల ఎదిగేకొద్దీ దవడా ఎదుగుతుంది, పళ్ళు దాంతోపాటే కిందికి జరుగుతూ వస్తాయి. ఇంప్లాంటుకి ఆ నారలుండవు. ఎముక దాన్ని నేరుగా పట్టేసుకుంటుంది. ఇక అది పెట్టినచోటే ఉంటుంది. చుట్టుపక్కలవి దిగుతాయి, అది దిగదు."

ఎదుగుదల ఆగేదాకా, అంటే పంతొమ్మిదో ఇరవయ్యో వచ్చేదాకా, ఆగాలంది. అప్పటికి ఎముక ఉంటుందా అని పిన్ని అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. పన్ను ఉన్నంతకాలమే ఆ ఎముకకి పని, పని లేని ఎముకని ఒళ్ళు ఉంచుకోదు, ముందువైపు గోడ అసలే పల్చన, చాలావరకు తగ్గుతుంది అంది. తగ్గిన ఎముకని తరవాత మరోచోటినుంచి తెచ్చి పెంచొచ్చునని, తప్పుచోట పాతుకున్న పన్నుని మాత్రం కదపలేమని కూడా అంది. ప్లేటు ఇబ్బందిగా ఉంటే, పక్క పళ్ళకి వెనకనుంచి అంటించే పన్ను ఒకటి ఉంది, కొన్నాళ్ళాగి రమ్మంది.

పిన్ని ఆ మాటల్లో ఒక్కదాన్నే పట్టుకుని ఇంటికొచ్చింది. ఎముక తగ్గుతుంది.

ఆ నెలలు పిడుగుకి నరకమే. అన్నం తినేటప్పుడు ప్లేటు తీయడం చూసి బడిలో దానికి "కిటికీ" అని పేరు పెట్టారు. "స" పలికితే గాలి ఈలలా పోయేది. ఒకరోజు ఉదయం అందరిముందూ వార్తలు చదువుతుంటే తుమ్మొచ్చి ప్లేటు ఊడి ముందు వరసలో పడింది. బడంతా ఘొల్లుమంది. దాన్ని వెతికి తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మిగిలిన వార్తలు కూడా చదివే దిగిందిట. అది విని పిన్ని మురిసిపోవలసింది, కాని కుమిలిపోయింది. ఆ తరవాత పిల్లకి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే నోటికి అడ్డంగా వెళ్ళేది. వారం తిరక్కుండానే అంతా మరిచిపోతారని అక్క అంటూనే ఉంది. పిన్నికి మాత్రం ఆ చెయ్యి పైకి లేచినప్పుడల్లా ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టుండేది.

ఆలస్యం అమృతం విషం అని తనకి తానే చెప్పుకుని, ఊరి రెండో కొసలో ఉన్న కొత్త క్లినిక్కుకి పిల్లని తీసుకెళ్ళింది. అద్దాల తలుపులు, చల్లగాలి, గోడకి నవ్వుతున్న మొహాలు. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. పిన్నిని చూసి తల్లే అనుకుని "అమ్మగారూ" అన్నాడు. ఆమె కాదనలేదు. పిల్ల వయసెంతని అడిగాడు.

"పదిహేడు నిండాయండి," అంది పిన్ని.

పిడుగుకి అప్పటికి పద్నాలుగు కూడా నిండలేదు. అయితే అది తండ్రి పోలిక, తాటిచెట్టులా సాగింది, అక్కని దాటేసింది. డాక్టరు అనుమానంగానే చూశాడు. ఇంకా ఎదుగుతోందా అని అడిగాడు. రెండేళ్ళుగా గౌను కొలత మార్చలేదని, తాను కుట్టుపనిదాన్నని, ఆ సంగతి తనకంటే ఎవరికి తెలుస్తుందని చెప్పింది పిన్ని. అతను పిల్లవైపు తిరిగి, అంతేనా అన్నాడు. పిడుగు ఒకసారి పిన్ని మొహంలోకి చూసి, తల ఊపింది.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో, అక్కతో ఏం చెప్పాలో పిన్ని ఇంకా మాటలు కూడదీసుకుంటూండగానే, "నేను చెప్పనులే పిన్నీ" అంది పిల్ల. అక్కతో పిన్ని చెప్పింది ఒకటే మాట. పెద్ద డాక్టరమ్మ దగ్గర ఆ మిషన్లు లేవట, అందుకని అక్కడికి పంపిందట. చెల్లెలి మాట జవదాటడం అలవాటు లేని అక్క నమ్మింది. ఆపరేషను నాడు పోస్టాఫీసులో తనిఖీ పడింది. తల్లి పెట్టవలసిన సంతకం కూడా పిన్నే పెట్టింది.

కొత్త పన్ను ముత్యంలా కుదిరింది. ఎవరు చూసినా ఏది సొంతదో ఏది కాదో చెప్పలేకపోయారు. పిడుగు మళ్ళీ పిడుగైంది. వాదనల పోటీలకి వెళ్ళింది, వాగుడు ఎక్కువైందని తిట్లు తింది. బావ ఓడ మీంచి వీడియోలో పిల్ల నవ్వు చూసి, మరదలు లేకపోతే మా ఇల్లేమైపోయేదో అన్నాడు. అక్క పొంగిపోయింది. పిన్ని ఫోను ముందునుంచి పక్కకి జరిగింది. అయినా పిల్ల నవ్వుతోంది కదా అని సర్దుకుంది. అలా ఏడాదిన్నర గడిచింది.

పిల్ల ఎదగడం ఆగలేదు. కొత్త బట్టలకి కొలతలు తీస్తున్న ఒక మధ్యాహ్నం, టేపు భుజంమీంచి కిందికి వదిలిన పిన్ని, పాత కొలతకీ దీనికీ నాలుగు వేళ్ళ తేడా చూసింది. తల పైకెత్తితే ఎదురుగా పిల్ల నోరు. ముందు పళ్ళ అంచులు ఒక గీతలో లేవు. ఒకటి పొట్టిగా, గోరంచు మందం పైకి ఉంది. అరిగిందేమో అనుకుందామని చూసింది. అరిగితే అంచు మారాలి, ఇక్కడ చిగురు కూడా పైనే ఉండిపోయింది. పన్ను పైకి వెళ్ళలేదు. మిగతావే దాన్ని వదిలేసి దిగిపోయాయి. డాక్టరమ్మ ఏ మాటలతో చెప్పిందో అవే మాటలు చెవిలో గింగురుమన్నాయి.

తేలు కుట్టిన దొంగలా, ఎవరికీ చెప్పకుండా, పిన్ని పిల్లని మళ్ళీ ఆ క్లినిక్కుకే తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చూశాడు. అప్పుడు పదిహేడన్నారు కదా అన్నాడు. పిన్ని నేలచూపులు చూసింది. అతనికి అర్థమైనట్టే ఉంది, మొహం పాలిపోయింది. మరని అలాగే ఉంచి, దానిమీది పన్ను మార్చి కాస్త పొడవైనది పెట్టాడు. కొన్నాళ్ళు బండి నడిచింది. తరవాత అదీ చాలలేదు, పైగా చిగురు ఎత్తుగా ఉండటంతో ఆ ఒక్క పన్ను బారుగా కనబడటం మొదలుపెట్టింది. పిడుగు పెదవులు మూసుకుని నవ్వడం నేర్చుకుంది. ఫొటోల్లో అది చాలా పెద్దమనిషి తరహాగా ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు.

పిల్లకి పదహారు దాటాక అక్క ఒక పొద్దున దాని గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. ఇదేమిటే ఇలా ఉందని చెల్లెల్ని అడిగింది. మళ్ళీ సర్దుతారులే అని పిన్ని ఏదో నసిగింది. అక్క ఈసారి సెలవు పెట్టి, ఇద్దర్నీ వెంటబెట్టుకుని తిన్నగా పెద్ద డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళింది. దారిపొడుగునా చెప్పేద్దామనే అనుకుంది పిన్ని. కక్కలేకా మింగలేకా ఆ నాలుగు సందులూ నడిచింది.

డాక్టరమ్మ పిల్ల నోరు తెరిపించి చూసింది. అద్దం పక్కన పెట్టి, చేతి తొడుగులు విప్పుతూ, "ఈ పిల్లకి నేను వద్దన్నాను కదా?" అంది.

అక్క ముందు డాక్టరమ్మని చూసింది, తరవాత చెల్లెల్ని. మీ దగ్గర మిషన్లు లేవన్నారట కదా అని అక్క మెల్లిగా అడుగుతుంటే, డాక్టరమ్మకి పరిస్థితి తెలిసిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పిడుగే అంది, "డాక్టరుగారు చెప్పారమ్మా. నేనూ విన్నాను."

వయసు అబద్ధం కూడా ఆ గదిలోనే బయటపడింది. వయసు రుజువు చూడకుండా చెయ్యడం అతని తప్పు, మీది మీదే అని డాక్టరమ్మ పిన్నితో అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ఇప్పుడు దాన్ని తీస్తే ఎలాగూ కొత్తది పెట్టలేమని, ఉన్న ఎముక కూడా తరుగుతుందని, ఎదుగుదల ఆగేదాకా అలాగే ఓర్చుకోవాలని చెప్పింది. ఎంత తొందరపడి ఎక్కడికి వచ్చామా అంటే, ఆగమన్నచోటికే, ఇంకా అధ్వాన్నంగా.

ఇంటికి వచ్చాక అక్క బట్టలు కూడా మార్చుకోలేదు. బల్లముందు కూర్చుంది. పిన్ని ఎదురుగా నిలబడింది.

"ఊళ్ళో ఎవరి పిల్లకి కుట్టినా లోపల గుడ్డ వదిలి కుడతావు నువ్వు. తల్లి అడక్కపోయినా వదులుతావు. ఎదిగే పిల్ల అంటావు," అంది అక్క. చేతిసంచీ బల్లమీద పెట్టి, "నువ్వు అబద్ధమాడావు, సరే. నా పిల్లచేత కూడా తలూపించావు. రెండేళ్ళ పైనే అది నా మొహం చూస్తూ ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. అది ఎలా చేయగలిగావే?"

అక్క ఆమెని వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. పిన్ని తన సామాను మూటగట్టుకుని షాపు వెనక గదిలోకి మారింది. అక్కడ ఒక మంచం, బొత్తాల డబ్బాలు, ఇస్త్రీ బల్ల. బావ ఓడ దిగి వచ్చాక ఒకసారి తలుపు దగ్గర నిలబడి, ఎలా ఉన్నావని అడిగి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. వీధిలోవాళ్ళు అక్కాచెల్లెళ్ళు ఆస్తి దగ్గర చెడ్డారని చెప్పుకున్నారు. పిన్ని విని ఊరుకుంది.

పిడుగు మాత్రం రావడం మానలేదు. తల్లికి చెప్పే వచ్చేది. ఆ పన్ను సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. పిల్ల వాదనల పోటీలకి మళ్ళీ వెళుతోందని, బహుమతులు రాకపోయినా వెళుతోందని, పిన్నికి దాని పుస్తకాల సంచీలో నలిగిన ఆహ్వానాలు చూస్తే తెలిసేది.

పంతొమ్మిదో ఏడు నిండాక, వరసగా తీసిన ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూసి, ఇక దవడ ఎదగడంలేదని డాక్టరమ్మ చెప్పింది. పాతది తీయాలి. మర అయినా తిప్పితే ఊడివచ్చేది కాదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది, చుట్టూ కోసి తీయాల్సిందే అంది. ఆపరేషను నాడు బయటి గదిలో అక్క ఒక కొసన, పిన్ని మరో కొసన కూర్చున్నారు. మధ్యలో కుర్చీలన్నీ ఖాళీ. లోపలినుంచి సన్నని రంపపు రొద వచ్చినప్పుడు అక్క చెవులు మూసుకుంది. పిన్ని మూసుకోలేదు. అంతా అయ్యాక డాక్టరమ్మ ఒక స్టీలు పళ్ళెం తెచ్చి చూపించింది. మర చుట్టూ తెల్లని ఎముక, అతికించినట్టు కాకుండా, పుట్టుకతో కలిసివచ్చినట్టు ఉంది. అక్క మొహం తిప్పుకుంది. ఆ ఎముక కూడా పోయిందా అని అడిగింది పిన్ని. పోయిందని డాక్టరమ్మ చెప్పింది.

కింది దవడ వెనకభాగంనుంచి చిన్న ఎముక దిమ్మ తీసి ఆ గుంటలో అమర్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, మూడోవారంలో కుట్లు ఒకచోట విచ్చుకుని దిమ్మ అంచు బయటపడింది. రక్తం అందని ఆ మేర ఎముక చచ్చిపోయింది. దాన్ని గీకి తీసేసి, చిగురు మానాక, రెండోసారి మళ్ళీ అమర్చారు. అతికించిన ఎముకలోకి చుట్టుపక్కల రక్తనాళాలు పాకి రావాలి, అది నెమ్మదిగా కరుగుతుంటే దాని చోటే కొత్త ఎముక పుట్టుకురావాలి, మనం తొందరపెడితే రాదు అని డాక్టరమ్మ అంది. ఆ మాటన్నప్పుడు పిన్నివైపు చూడకుండా జాగ్రత్తపడింది.

ఆ ఎదురుచూసే నెలల్లో పిడుగు కాలేజీకి ప్లేటు లేకుండానే వెళ్ళేది. ఒక సాయంత్రం షాపులో బుగ్గకి ఐసు మూట అదుముకుని కూర్చుని ఉంటే పిన్ని ఉండబట్టలేక, నలుగురిలో తిరిగేటప్పుడైనా ప్లేటు పెట్టుకోవచ్చు కదే అంది. పుండుమీద ఒరుసుకుంటుందంది పిల్ల. ఎవరైనా ఏమన్నా అంటారేమోనంది పిన్ని.

"అంటే అంటారు," అంది పిడుగు. ఐసు మూట రెండో చేతిలోకి మార్చుకుంది. "పిన్నీ, ఒకటి అడుగుతాను. అప్పుడు నాకు ఏడుపొచ్చేమాట నిజమే. కాని ఆగలేనని నేనెప్పుడూ అనలేదు. నన్ను అడగనేలేదు నువ్వు. ఎందుకని?"

పిన్ని చేతిలో ఉన్న బట్టని బల్లమీద పెట్టి, చేత్తో సాపుచేస్తూ అంది, "అడిగితే ఆగుతానంటావని భయమేసింది."

పిల్లకి వెంటనే అర్థం కాలేదు.

"ఆ ఖాళీ నేను చూడలేకపోయానే. నువ్వు నోరు తెరిస్తే నాకు ఆ సాయంత్రం కనబడేది. నువ్వు ఆరేళ్ళు ఆగుతానంటే నేనూ ఆరేళ్ళు చూడాలి కదా. నీకోసం అనుకున్నాను. నీకోసం కాదు."

పిడుగు ఏడవలేదు, ఫరవాలేదనీ అనలేదు. ఐసు కరిగి మోచేతిమీదుగా కారుతుంటే తుడుచుకుంది. అమ్మతో ఈ మాట చెప్పావా అని అడిగింది. చెప్పలేదంది పిన్ని. చెప్పు, నేను చెబితే బావుండదు అంది పిల్ల. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారమే పిన్ని అక్కావాళ్ళింటికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న అక్కతో, పిల్లతో చెప్పినదంతా, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. అక్క ఆమెవైపు తిరక్కుండానే విన్నది. విన్నాక, కూర్చోమంది. టీ పెట్టింది. ఇద్దరూ తాగారు.

రెండోసారి పెట్టిన ఎముక నిలిచింది. మరుసటి ఏడు దాంట్లో కొత్త ఇంప్లాంటు దిగింది, ఇంకొన్ని నెలలకి దానిమీద పన్ను కూర్చుంది. పన్ను అంచు పక్కవాటితో సమానంగా వచ్చింది గానీ చిగురు మాత్రం పైనే ఉండిపోయింది. ఎంత చేసినా అది దిగదని, గులాబీరంగు పింగాణీతో కాస్త కప్పానని డాక్టరమ్మ చెప్పింది. పిడుగు పెద్దగా నవ్వితే ఆ అతుకు కనబడుతుంది. అది పెద్దగానే నవ్వుతుంది.

పిన్ని షాపు వెనక గదిలోనే ఉంటోంది. మేడమీది గదిలో ఇప్పుడు పిల్ల చదువుకుంటుంది. అక్క ఇంటికి పిలుస్తుంది, పిన్ని వెళుతుంది, కలిసి భోంచేస్తారు, బావ ఫోనులో పలకరిస్తాడు. బయటివాళ్ళు చూస్తే అంతా మునుపటిలాగే ఉందనుకుంటారు. అయితే పిన్ని ఏదైనా చెబితే, ఫలానా వీధిలో నీళ్ళు రావడంలేదట అన్నంత చిన్న మాటైనా సరే, "ఎవరన్నారు?" అని అక్క అడుగుతుంది. అలా అడుగుతున్నట్టు ఆమెకే తెలియదు. పిన్ని ప్రతిసారీ, ఎవరన్నారో, ఎప్పుడన్నారో, తాను ఎక్కడ విన్నదో వివరంగా చెబుతుంది.